అమెరికా అధ్యక్ష ఎన్నికలు: ఇద్దరిలో ఒకరేనా? – తరచుగా అడిగే ప్రశ్నలు

నాలుగేళ్లకోసారి నవంబరు దగ్గరపడేసరికి ఇక్కడి వాళ్లూ అక్కడి వాళ్లూ అనే మాట ఒకటుంది: "ముప్పై మూడు కోట్ల జనంలో ఈ ఇద్దరే దొరికారా?" దాని వెనకాలే ఇంకో డజను సందేహాలు వస్తాయి. వాటిలో ఎక్కువగా వినపడేవి ఇక్కడ తీసుకున్నాం. ఏ పార్టీకి ఓటెయ్యాలో చెప్పే పేజీ కాదిది. వేసిన ఓటు ఎక్కడికి పోతుందో చెప్పే ప్రయత్నం మాత్రమే.

రెండే పార్టీలు ఉండాలని అమెరికా రాజ్యాంగంలో రాసుందా?

లేదు. అందులో పార్టీల ప్రస్తావనే లేదు. తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ 1796లో రాసిన వీడ్కోలు సందేశంలో పార్టీల కొట్లాట దేశానికి మంచిది కాదని గట్టిగానే హెచ్చరించారు. ఆయన మాట ఎవరూ వినలేదు. అదే ఏడాది జరిగిన ఎన్నికలోనే జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ చెరో వర్గం తరఫున తలపడ్డారు.

ఇప్పటికీ బ్యాలెట్ మీద రెండు పేర్లే ఉండవు. 2024లో గ్రీన్ పార్టీ నుంచి జిల్ స్టైన్, లిబర్టేరియన్ పార్టీ నుంచి ఛేజ్ ఆలివర్ చాలా రాష్ట్రాల్లో పోటీ చేశారు. కాకపోతే 1848లో విగ్ పార్టీ తరఫున జకారీ టేలర్ గెలిచిన తర్వాత, డెమోక్రాటిక్, రిపబ్లికన్ పార్టీలు కాకుండా ఇంకో పార్టీ అభ్యర్థి అధ్యక్ష ఎన్నికలో గెలిచింది లేదు.

చట్టం అడ్డుకోకపోతే మరి రెండే ఎందుకు మిగిలాయి?

లెక్కింపు పద్ధతి వల్ల. ఓటరు వేసే ఓటు నేరుగా అధ్యక్షుడికి చేరదు, తన రాష్ట్రానికి కేటాయించిన ఎలక్టర్లను ఎన్నుకుంటుంది. మొత్తం ఎలక్టర్లు 538 మంది. ప్రతినిధుల సభ స్థానాలు 435, సెనేట్ స్థానాలు 100, రాజధాని వాషింగ్టన్ డీసీకి 3. గెలవాలంటే 270 కావాలి. 48 రాష్ట్రాల్లోనూ డీసీలోనూ మొదటి స్థానంలో వచ్చినవాళ్లకే అక్కడి ఎలక్టర్లందరూ దక్కుతారు. మెయిన్, నెబ్రాస్కా మాత్రం కొంతమందిని ప్రతినిధుల సభ నియోజకవర్గాలవారీగా పంచుతాయి. రెండో స్థానానికి సున్నా, మూడో స్థానానికీ సున్నా.

దీని దెబ్బ ఎలా ఉంటుందో 1992లో టెక్సస్ వ్యాపారి రాస్ పెరోకి తెలిసొచ్చింది. ఆ ఏడాది జూన్‌లో సర్వేల్లో ఆయనే ముందున్నారు. జులైలో తప్పుకుని, అక్టోబరులో మళ్లీ బరిలోకి దిగారు. అంత గందరగోళం తర్వాత కూడా దాదాపు 19 శాతం, అంటే కోటీ 97 లక్షల ఓట్లు వచ్చాయి. ఎలక్టర్లు? ఒక్కరూ రాలేదు. ఏ రాష్ట్రంలోనూ మొదటి స్థానం దక్కలేదు మరి.

ఇంతకంటే విచిత్రం 1948లో జరిగింది. ఆ ఏడాది డెమోక్రాటిక్ పార్టీ నుంచి రెండు ముక్కలు విడిపోయాయి. నల్లజాతివారికి సమాన హక్కులు ఇవ్వకూడదన్న దక్షిణాది వర్గం తరఫున స్ట్రామ్ థర్మండ్, వామపక్షం వైపు నుంచి హెన్రీ వాలెస్ పోటీ చేశారు. ఇద్దరికీ తలా పదకొండు లక్షల పైచిలుకు ఓట్లు, 2.4 శాతం వచ్చాయి. థర్మండ్ ఓట్లు నాలుగు దక్షిణాది రాష్ట్రాల్లో కుప్పపడి ఉండటంతో అక్కడి 38 మంది ఎలక్టర్లూ దక్కారు. ఏ రాష్ట్రంలోనూ మొదటి స్థానం రాని వాలెస్ ఓట్లకు ఒక్కరూ దక్కలేదు. ఎన్ని ఓట్లొచ్చాయన్న దానికంటే ఎక్కడొచ్చాయన్నదే ముఖ్యమని ఇంతకంటే బాగా చెప్పే ఎన్నిక ఇంకోటి లేదు.

మన దగ్గరా ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలుస్తాడు. మనకు మాత్రం ఇన్ని పార్టీలు ఎలా ఉన్నాయి?

మంచి ప్రశ్న. ఒక నియోజకవర్గంలో ఒక్కరే గెలిచే పద్ధతి ఉంటే పోటీ చివరికి ఇద్దరి మధ్యకే వస్తుందని ఫ్రెంచ్ పండితుడు మోరీస్ డువెర్జే సూత్రీకరించారు. మన దగ్గర కూడా ఒక్కో రాష్ట్రంలో అసలు పోటీ తరచుగా రెండు పక్షాల మధ్యే ఉంటుంది. కాకపోతే ఆ రెండు పక్షాలు రాష్ట్రానికో రకం. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం 1983 జనవరికల్లా అధికారంలోకి వచ్చిందంటే, దానికి ఒక్క రాష్ట్రంలో బలం ఉంటే సరిపోయింది.

రెండో తేడా ఇంకా పెద్దది. మన పార్లమెంటులో కొద్దిమంది ఎంపీలున్న పార్టీ కూడా ప్రభుత్వాన్ని నిలబెట్టగలదు, కూల్చగలదు. 2024లో బీజేపీ 240 దగ్గర ఆగిపోయినప్పుడు తెలుగుదేశం గెలిచిన 16 సీట్లకు ఎంత విలువ వచ్చిందో చూశాం. అమెరికాలో అధ్యక్ష పదవి ఒక్కటే, దాన్ని పంచుకోవడం కుదరదు. మద్దతు ఉపసంహరించుకుంటే పడిపోయే ప్రభుత్వమూ కాదు. జార్జ్ వాలెస్ అనే అలబామా మాజీ గవర్నరు 1968లో మన తరహా ఆటే ఆడబోయారు. ఇద్దరు పెద్ద అభ్యర్థుల్లో ఎవరికీ మెజారిటీ రాకపోతే తన ఎలక్టర్లతో బేరమాడవచ్చని లెక్క వేసుకున్నారు. ఐదు రాష్ట్రాలు గెలిచి 46 మంది ఎలక్టర్లను సంపాదించారు కూడా. అయినా రిచర్డ్ నిక్సన్‌కు 301 వచ్చేసరికి బేరం లేకుండా పోయింది. పెద్ద పార్టీలకు బయటి అభ్యర్థి ఒక రాష్ట్రమైనా గెలవడం అదే ఆఖరు.

అధ్యక్ష పదవి కాకుండా రాష్ట్ర స్థాయిలో అయితే అప్పుడప్పుడు వింతలు జరుగుతాయి. 1998లో మిన్నెసోటా గవర్నరుగా రిఫార్మ్ పార్టీ తరఫున జెస్సీ వెంచురా అనే మాజీ కుస్తీ వీరుడు గెలిచారు.

ఎవరికీ 270 రాకపోతే?

మొదటి ముగ్గురిలో ఒకరిని ప్రతినిధుల సభ ఎన్నుకుంటుంది. అక్కడ ఓటు సభ్యుడికి కాదు, రాష్ట్రానికి. దాదాపు నాలుగు కోట్ల జనం ఉన్న కాలిఫోర్నియాకూ ఒకటే, ఆరు లక్షలు కూడా లేని వయోమింగ్‌కూ ఒకటే. 26 రాష్ట్రాలు కావాలి. 1824లో ఆండ్రూ జాక్సన్‌కు ఓట్లూ ఎలక్టర్లూ ఎక్కువే వచ్చినా సభ జాన్ క్విన్సీ ఆడమ్స్‌ను ఎంచుకుంది. అంటే మూడో అభ్యర్థి బలంగా ఎదిగి ఎవరికీ మెజారిటీ రాకుండా చేసినా, తుది నిర్ణయం మళ్లీ ఆ రెండు పార్టీల సభ్యుల చేతుల్లోకే పోతుంది.

మూడో పార్టీకి ఓటేస్తే ఓటు మురిగిపోయినట్టేనా?

మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ముందు ఒక విషయం చూడండి. 2020లో డొనాల్డ్ ట్రంప్‌కు అన్నిటికంటే ఎక్కువ ఓట్లు వచ్చిన రాష్ట్రం ఏది? టెక్సస్ కాదు, కాలిఫోర్నియా. అరవై లక్షల పైచిలుకు. ఆ రాష్ట్రాన్ని జో బైడెన్ గెలిచారు కాబట్టి ఆ అరవై లక్షల ఓట్లకు ఒక్క ఎలక్టరూ రాలేదు. "మురిగిపోవడం" అంటే ఇదే అయితే, పెద్ద పార్టీకి వేసిన ఓటూ మురుగుతుంది. ఈ మాట మూడో పార్టీ వాళ్లకే ఎందుకు అంటగడతారో నాకు అర్థం కాదు.

మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియా, టెక్సస్, న్యూజెర్సీల్లో అధ్యక్ష ఫలితం ఈమధ్య కాలంలో దాదాపు ముందే తెలిసిపోతోంది. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉన్న ఓటరు గ్రీన్ పార్టీకి వేసినా లిబర్టేరియన్‌కు వేసినా అధ్యక్షుడు మారడు. నిరసన చెప్పాలనుకుంటే ఖర్చు లేని చోటు అది. అట్లాంటా, షార్లెట్, డెట్రాయిట్ శివార్లు, ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఉన్నవాళ్ల సంగతి వేరు, అక్కడ పోటీ హోరాహోరీగా ఉంటుంది. అట్లాంటా ఉన్న జార్జియాలో 2020లో బైడెన్ మెజారిటీ 11,779 ఓట్లు. అక్కడ లిబర్టేరియన్ అభ్యర్థి జో జోర్గెన్సన్‌కు వచ్చినవి 62 వేలకు పైనే. అలాంటి రాష్ట్రంలో మూడో పార్టీకి వేసేవాళ్లు "మిగతా ఇద్దరిలో ఎవరు గెలిచినా నాకు పర్లేదు" అనుకుంటేనే వెయ్యాలి. పర్లేదు అనుకోవడం తప్పేమీ కాదు. అలా అనుకోకపోయినా వేసి, తర్వాత బాధపడటమే తప్పు.

2000లో రాల్ఫ్ నేడర్ ఓట్లు చీల్చడం వల్లే డెమోక్రాటిక్ అభ్యర్థి అల్ గోర్ ఓడిపోయారంటారు. నిజమేనా?

సగం నిజం. ఫ్లోరిడాలో రిపబ్లికన్ అభ్యర్థి జార్జ్ బుష్ అధికారిక మెజారిటీ 537. గ్రీన్ పార్టీ తరఫున నేడర్‌కు అక్కడ వచ్చినవి 97,488. న్యూహాంప్‌షైర్‌లో కూడా బుష్ ఆధిక్యం ఏడు వేల చిల్లర, నేడర్ ఓట్లు ఇరవై రెండు వేలు. గోర్‌కు ఈ రెంటిలో ఏ ఒక్కటి దక్కినా అధ్యక్షుడయ్యేవారు. దేశం మొత్తం మీద బుష్ కంటే ఐదు లక్షల పైచిలుకు ఓట్లు ఎక్కువ తెచ్చుకుని కూడా ఓడిపోయిన మనిషి ఆయన.

అయితే 537 ఓట్ల తేడా ఉన్నప్పుడు దేన్నైనా కారణంగా చూపించొచ్చు. ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీలో (మన జిల్లా లాంటిది) పేర్లు రెండు పక్కలా, గుర్తు పెట్టే రంధ్రాలు మధ్యలో ఉండేలా అచ్చేసిన బ్యాలెట్ వల్ల గోర్‌కు వెయ్యాలనుకున్న వాళ్లలో చాలామంది పొరపాటున రిఫార్మ్ పార్టీ అభ్యర్థి పాట్ బుకానన్‌కు వేశారని చాలామంది పరిశీలకుల అభిప్రాయం. ఆ ఒక్క కౌంటీలో బుకానన్‌కు 3,407 ఓట్లు పడ్డాయి. గోర్ తన సొంత రాష్ట్రం టెనెసీని పోగొట్టుకున్నారు. అక్కడి 11 మంది ఎలక్టర్లు వచ్చుంటే ఫ్లోరిడా గొడవే ఉండేది కాదు. ఇంట గెలవలేని ఆ లోటును నేడర్ ఖాతాలో వెయ్యడం న్యాయం కాదు.

"ఓట్లు చీల్చారు" అన్న మాట మనకు కొత్త కాదు. 2009లో ప్రజారాజ్యం 294 సీట్లలో 18 గెలిచినప్పుడు, దాని ఓట్లు లేకపోతే ఎవరు గెలిచేవారన్న లెక్కలు ఊరూరా వేశారు. ఆ లెక్కల్లో ఒక ఊహ దాగుంటుంది: మూడో పార్టీ లేకపోతే వాళ్లంతా వచ్చి మనకే వేసేవారని. అలా జరగదు. కొందరు అటు, కొందరు ఇటు, చాలామంది ఇంట్లోనే. 1992లో పోలింగ్ బూత్ బయట అడిగినప్పుడు పెరో ఓటర్లు రెండో ఎంపికగా క్లింటన్‌ను, బుష్‌ను (తండ్రి బుష్) దాదాపు సమానంగా చెప్పారు.

ఏ సందేహం లేకుండా చీలిక అనదగ్గది 1912. రిపబ్లికన్ పార్టీలో విలియం టాఫ్ట్ మీద అలిగి బయటికొచ్చిన మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్‌కు 27 శాతం, టాఫ్ట్‌కు 23 శాతం వచ్చాయి. 42 శాతంతో వుడ్రో విల్సన్ 435 మంది ఎలక్టర్లను పట్టుకుపోయారు.

మూడో పార్టీలకు ఇంకా ఏయే అడ్డంకులు ఉన్నాయి?

మొదటిది బ్యాలెట్ మీద పేరు ఎక్కించుకోవడం. అమెరికాలో మన కేంద్ర ఎన్నికల సంఘం లాంటిది లేదు. ఏ రాష్ట్రం రూలు దానిదే. ఎన్ని సంతకాలు, ఎప్పటిలోగా, ఎలాంటి కాగితం మీద అన్నదంతా 51 చోట్ల 51 రకాలు. చిన్న పార్టీల డబ్బులో చాలాభాగం ప్రచారానికి కాకుండా సంతకాల సేకరణకూ వాటి మీద కోర్టు కేసులకూ పోతుంది.

రెండోది టీవీ చర్చ. చర్చలు నిర్వహించిన కమిషన్ 2000 నుంచి జాతీయ సర్వేల్లో 15 శాతం ఉన్నవాళ్లనే పిలిచేది. చర్చలో కనపడకపోతే 15 శాతం రాదు, 15 శాతం రాకపోతే చర్చకు పిలవరు. పెరో 1992లో చర్చల్లో ఉన్నారు, 1996లో పిలవలేదు, ఓట్లు 8 శాతానికి పడిపోయాయి. 2024లో ఆ కమిషన్‌నే పక్కనపెట్టి పెద్ద అభ్యర్థులు నేరుగా టీవీ ఛానళ్లతో మాట్లాడుకున్నారు.

డబ్బు సంగతి చెప్పనక్కర్లేదు. దేశవ్యాప్తంగా 5 శాతం ఓట్లు తెచ్చుకున్న పార్టీకి తర్వాతి ఎన్నికలో ప్రభుత్వ నిధులు కొంత వస్తాయి. "గెలవకపోయినా 5 శాతం ఇవ్వండి" అని చిన్న పార్టీలు అడిగేది అందుకే.

అయితే ఓటరుకు నిజమైన ఎంపిక ఎక్కడుంది?

ప్రైమరీల్లో. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

మన దగ్గర టికెట్ ఎవరికివ్వాలో అధిష్ఠానం చూసుకుంటుంది. బీ-ఫారం చేతికొచ్చేదాకా అభ్యర్థికే నమ్మకం ఉండదు. అమెరికాలో ఆ బీ-ఫారం ఇచ్చేది ఓటర్లు. ఎన్నికల ఏడాది జనవరి నుంచి జూన్ దాకా రాష్ట్రాలవారీగా జరిగే ప్రైమరీల్లో, కాకస్‌లలో (ఓటర్లు ఒకచోట కూడి తేల్చుకునే సమావేశాల్లో) పార్టీ అభ్యర్థి తేలతారు. ఎప్పుడూ ఇలా లేదు. 1968లో హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీ చెయ్యకుండానే డెమోక్రాటిక్ అభ్యర్థి అయ్యారు. ఆయన్ను ఎంపిక చేసిన షికాగో పార్టీ మహాసభ బయట జరిగిన గొడవల తర్వాతే నిబంధనలు మార్చారు.

బయటివాళ్లు లోపలికి వచ్చేది కూడా ఈ తలుపు నుంచే. ట్రంప్ 1999లో రిపబ్లికన్ పార్టీని వదిలి, 2000 ఎన్నికకు రిఫార్మ్ పార్టీ నుంచి పోటీ చెయ్యాలని చూసి, కొన్ని నెలలకే విరమించుకున్నారు. 2016లో రిపబ్లికన్ ప్రైమరీల్లోకి దిగి, పార్టీ పెద్దలకు ఇష్టం లేకపోయినా టికెట్ గెలుచుకున్నారు. సెనేట్‌లో స్వతంత్రుడిగా ఉండే బెర్నీ శాండర్స్ 2016, 2020ల్లో డెమోక్రాటిక్ ప్రైమరీల్లోనే పోటీ చేశారు. గెలవకపోయినా ఆ పార్టీ మాట్లాడే విషయాలను మార్చారు. వేరే దేశాల్లో కొత్త పార్టీ పెట్టేవాళ్లు అమెరికాలో పాత పార్టీని లోపలినుంచి పట్టుకుంటారు.

ఇంత ముఖ్యమైన ఓటుకు వచ్చే జనం మాత్రం నవంబరులో వచ్చేవాళ్లలో సగం కూడా ఉండరు. మార్చిలో ఇంట్లో కూర్చుని నవంబరులో "ఈ ఇద్దరేనా" అనేవాళ్ల మీద నాకు పెద్దగా జాలి లేదు. ఒక్క మినహాయింపు ఒప్పుకుంటాను: 2024లో బైడెన్ జులైలో తప్పుకున్నాక కమలా హారిస్ ప్రైమరీ లేకుండానే అభ్యర్థి అయ్యారు. అప్పుడు డెమోక్రాటిక్ ఓటర్ల చేతిలో ఆ ఎంపిక లేకుండా పోయింది.

మీ రాష్ట్రం రూలు ముందే చూసుకోండి. న్యూయార్క్, పెన్సిల్వేనియాల్లో ఆ పార్టీ ఓటరుగా నమోదైతేనే ఆ ప్రైమరీలో ఓటు. టెక్సస్, జార్జియాల్లో పార్టీ నమోదు ఉండదు, ఆ రోజు ఏ పార్టీ బ్యాలెట్ కావాలంటే అది తీసుకోవచ్చు.

నోటా ఉందా?

నెవాడాలో మాత్రం "ఈ అభ్యర్థులెవరూ వద్దు" అనే గడి 1970ల నుంచి ఉంది. మన నోటా లాగే దానికి ఎక్కువ ఓట్లొచ్చినా గెలిచేది తర్వాతి మనిషే. 2024 ఫిబ్రవరిలో అక్కడి రిపబ్లికన్ ప్రైమరీలో ఈ గడి నిక్కీ హేలీ మీద భారీ తేడాతో ముందుంది. ట్రంప్ పేరు ఆ బ్యాలెట్ మీద లేదు, ఆయన విడిగా జరిగిన కాకస్‌లో పోటీ చేశారు. ఆయన అభిమానులు ఆ గడిని అలా వాడుకున్నారు.

మిగతా రాష్ట్రాల్లో అధ్యక్షుడి గడిని ఖాళీగా వదిలేసి కింద ఉన్న పోటీలకు ఓటెయ్యొచ్చు. దాంతో బ్యాలెట్ చెల్లకుండా పోదు.

బ్యాలెట్ మీద లేని పేరు రాసి వెయ్యొచ్చా?

చాలా రాష్ట్రాల్లో రాయొచ్చు. లెక్కపెడతారా అన్నది వేరే విషయం. ఎక్కువ చోట్ల ఆ వ్యక్తి ముందుగానే అధికారుల దగ్గర నమోదై ఉండాలి. కొన్ని రాష్ట్రాల్లో అసలు అనుమతే లేదు. మీ బాబాయి పేరు రాస్తే సరదాగా ఉంటుంది, అంతవరకే.

అధ్యక్షుడికి ఒక పార్టీ, సెనేటర్‌కు ఇంకో పార్టీ వెయ్యొచ్చా?

నిక్షేపంగా. 2024లో అరిజోనా, నెవాడా, మిషిగన్, విస్కాన్సిన్‌లలో ట్రంప్ గెలిచారు, అదే బ్యాలెట్ మీద డెమోక్రాటిక్ సెనేటర్లూ గెలిచారు.

మూడో పార్టీల వల్ల ఎప్పుడైనా ఏదైనా ఒరిగిందా?

ఒరిగింది, కానీ పేరు వాళ్లకు దక్కలేదు. 1892లో రైతుల కష్టాల మీద పుట్టిన పీపుల్స్ పార్టీ అభ్యర్థి జేమ్స్ వీవర్ ఎనిమిదిన్నర శాతం ఓట్లు, 22 మంది ఎలక్టర్లను తెచ్చుకున్నారు. ఆదాయం పెరిగేకొద్దీ పెరిగే పన్ను, సెనేటర్లను ప్రజలే నేరుగా ఎన్నుకోవడం ఆ పార్టీ డిమాండ్లు. తర్వాత ఆ పార్టీ డెమోక్రాట్లలో కలిసిపోయినంత పనైంది. 1913లో ఆదాయపు పన్నుకు దారి తీసిన సవరణ, సెనేటర్ల ప్రత్యక్ష ఎన్నిక సవరణ రెండూ రాజ్యాంగంలో చేరాయి. ఓట్లు పోతున్నాయని తెలియగానే పెద్ద పార్టీలు చిన్న పార్టీ ఎజెండాను లాగేసుకుంటాయి.

నేటి రిపబ్లికన్ పార్టీ కూడా 1854లో పుట్టిన కొత్త పార్టీయే. బానిసత్వం విషయంలో విగ్‌లు ముక్కలైపోతే ఆ ఖాళీలోకి వచ్చి, ఆరేళ్లలో అబ్రహాం లింకన్‌ను అధ్యక్షుణ్ణి చేసింది. 1860 పోటీలో నలుగురున్నారు, లింకన్‌కు వచ్చింది 40 శాతం లోపే.

ఎలక్టర్లు మాట తప్పితే?

అప్పుడప్పుడు తప్పారు. 1972లో వర్జీనియా రిపబ్లికన్ ఎలక్టరు ఒకరు లిబర్టేరియన్ పార్టీకి వేశారు. ఆ ఒక్క ఓటుతో ఉపాధ్యక్ష అభ్యర్థి టోనీ నేథన్ ఎలక్టరు ఓటు పొందిన మొదటి మహిళ అయ్యారు. మాట తప్పే ఎలక్టర్లను రాష్ట్రాలు కట్టడి చేయవచ్చని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

గ్రీన్ కార్డు ఉంది. ఓటెయ్యొచ్చా?

కుదరదు. అధ్యక్ష ఎన్నికలో పౌరులకే ఓటు. హెచ్1బీ వాళ్లకూ అంతే. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో ఇచ్చే ఫారంలో ఓటరు నమోదు గురించి ఒక ప్రశ్న ఉంటుంది. చదవకుండా టిక్కు పెట్టేయకండి. పౌరసత్వం దరఖాస్తులో "ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటేశారా" అని అడుగుతారు. పౌరులు కాకుండానే నమోదై ఉంటే అది దేశం నుంచి పంపించేసేదాకా పోవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుంటే ఇండియా పౌరసత్వం పోతుంది, ఓసీఐ కార్డుతో ఇండియాలో ఓటు రాదు.

ఈ పద్ధతి మారే సూచనలు ఉన్నాయా?

రెండు ప్రయత్నాలు నడుస్తున్నాయి. ఒకటి, అభ్యర్థులకు వరుసగా ర్యాంకులిచ్చే పద్ధతి. మీ మొదటి ఎంపిక చివర్లో ఉంటే ఆ ఓటు మీ రెండో ఎంపికకు పోతుంది, కాబట్టి చీలిక భయం ఉండదు. మెయిన్ 2020 నుంచి, అలాస్కా 2024 నుంచి అధ్యక్ష ఎన్నికలో దీన్ని వాడుతున్నాయి. రెండోది, దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లొచ్చిన వారికే తమ ఎలక్టర్లను ఇస్తామని రాష్ట్రాలు చేసుకునే ఒప్పందం. 2024లో మెయిన్ కూడా చేరాక దాని బలం 209 మంది ఎలక్టర్లకు చేరింది. 270కి చేరితేనే అమల్లోకి వస్తుంది. అప్పుడైనా కోర్టు కేసులు ఖాయం.

నా అంచనాలో మొదటిదానికే ఎక్కువ దారి ఉంది, అదీ మెల్లగానే. 2024 నవంబరులో కొలరాడో, ఐడహో, నెవాడా, ఒరెగన్ ఓటర్లు ర్యాంకుల పద్ధతిని తిరస్కరించారు. వాషింగ్టన్ డీసీ ఒప్పుకుంది. అలాస్కాలో దాన్ని రద్దు చెయ్యాలన్న ప్రతిపాదన వెయ్యి ఓట్ల లోపు తేడాతో ఓడిపోయింది.